కుక్క తోక, గోదారి, డాట్ ఆర్గ్

2025 జూన్‌లో ఓ ఆదివారం పొద్దున్నే తెనాలి నుంచి మా బాబాయి ఫోన్ చేశాడు. మామూలుగా అయితే పిన్ని చేసి, ఓ పావుగంట కబుర్లయ్యాక ఫోను ఆయన చేతికిస్తుంది. ఆ రోజు ఆయనే చేశాడు. కబుర్లేమీ లేవు.

"ఒరే, ఆ స్కాలర్‌షిప్ సైటు తెరుచుకోవట్లేదేంట్రా?"

విషయం ఏంటంటే, మా చెల్లి (బాబాయి కూతురు) బీటెక్ చదువుతోంది. వాట్సాప్‌లో ఎవరో పంపిన లింకు పట్టుకుని ఏదో ట్రస్టు వాళ్ళ స్కాలర్‌షిప్పుకి దరఖాస్తు పెట్టింది. ప్రాసెసింగ్ ఫీజు అని 1,900 రూపాయలు యూపీఐలో కట్టించుకున్నారు. పది రోజులు తిరిగేసరికి సైటూ లేదు, వాళ్ళిచ్చిన ఫోన్ నెంబరూ పనిచెయ్యట్లేదు. కట్టేముందు ఆ పిల్లకి అనుమానం రాకపోలేదు. "నాన్నా, ఇది నిజమైందేనంటావా?" అని అడిగిందట. మా బాబాయి కళ్ళజోడు పెట్టుకుని అడ్రసంతా కూడబలుక్కుని చదివి, "ఓఆర్జీ అని ఉందిగా, పర్లేదమ్మా కట్టు. అన్నయ్య చెప్పాడు" అన్నాడట.

అవును, నేనే చెప్పాను. అంతకు రెండేళ్ళ ముందు సంక్రాంతికి వెళ్ళినప్పుడు, అరిసె కొరుకుతూ, ఇంట్లో ఉన్న ఏకైక సాఫ్ట్‌వేరు ఇంజినీరు హోదాలో సెలవిచ్చాను. డాట్ కామ్ అయితే కాస్త అనుమానించండి, గవ్, ఈడీయూ, ఆర్గ్ అయితే నమ్మొచ్చు అని.

ఈ సూత్రం నా సొంతం కాదులెండి. ఇంజినీరింగ్ మొదటేడాది ఇంగ్లీషు ల్యాబులో మాకో జిరాక్సు కాయితం ఇచ్చారు, అందులో ఉంది. మీలో చాలామందికి అలాంటి కాయితమే ఇచ్చి ఉంటారు. తమాషా ఏంటంటే, ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ కోసం నేనే ఒక డాట్ ఆర్గ్ కొన్నాను. పది నిమిషాల పని. పేరు, ఈమెయిలు, కార్డు నెంబరు తప్ప ఎవ్వరూ ఏమీ అడగలేదు. అంటే ఆ తలుపుకి గొళ్ళెం లేదని నాకు స్వానుభవమే! అయినా ఆ అనుభవాన్నీ ఈ సూత్రాన్నీ పక్కపక్కన పెట్టి చూడాలని ఎప్పుడూ తోచలేదు. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదమని మావాళ్ళకి నేనే చెప్పానన్నమాట.

ఆ ఫోను తర్వాత కొన్నాళ్ళు ఇదే పనిగా చదివాను. అసలీ తోకలు ఎక్కడ పుట్టాయి, వీటికి ఇంత మర్యాద ఎవరిచ్చారు అని.

మనందరం ఎప్పుడో ఒకప్పుడు 'హోస్ట్స్' ఫైల్లో వేలు పెట్టినవాళ్ళమే. ఒకప్పుడు మొత్తం నెట్‌వర్కుకి చిరునామాల పుస్తకం అంటే అలాంటి ఫైలొక్కటే. అర్పానెట్ రోజుల్లో కాలిఫోర్నియాలోని ఎస్‌ఆర్‌ఐ సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ అనే ఆవిడ ఆధ్వర్యంలో ఒక సమాచార కేంద్రం ఉండేది. కొత్త యంత్రం వస్తే వాళ్ళకి చెప్పాలి, వాళ్ళు దాని పేరు ఫైల్లో ఎక్కిస్తారు, మిగతావాళ్ళంతా ఆ ఫైలు దింపుకుంటారు. యంత్రాలు పెరిగే కొద్దీ ఇది సాగే వ్యవహారం కాదని తేలిపోయింది. 1983లో పాల్ మొకపెట్రిస్ డీఎన్‌ఎస్‌ని రూపొందించాడు. పేర్లన్నీ ఒకే జాబితాలో కాకుండా చెట్టు కొమ్మల్లా ఉంటాయి, ఏ కొమ్మ బాధ్యత ఆ కొమ్మవాళ్ళది.

మరి పెద్ద కొమ్మలు ఏవి? 1984 అక్టోబర్లో జాన్ పోస్టెల్, జాయిస్ రేనాల్డ్స్ కలిసి రాసిన ఆర్‌ఎఫ్‌సీ 920లో ఆ జాబితా ఉంది. ప్రభుత్వానికి గవ్, చదువులకి ఈడీయూ, వ్యాపారాలకి కామ్, సైన్యానికి మిల్, వీటిలో ఎక్కడా ఇమడని వాళ్ళకి ఆర్గ్. ఇవి కాక దేశాలకి రెండక్షరాల కోడ్లు. డాట్ నెట్ ఆ కాయితంలో లేదు, 1985లో అమలు మొదలయ్యేటప్పుడు వచ్చి చేరింది.

ఆర్గ్ దగ్గర ఒక్క క్షణం ఆగండి. సేవాసంస్థ అనే అర్థం అందులో ఎక్కడా లేదు. మన దరఖాస్తు ఫారాల్లో అన్నిటికన్నా కింద 'ఇతరములు' అని ఒక గడి ఉంటుంది చూడండి, ఆర్గ్ అంటే అది. 1985 జులైలో మొట్టమొదటి డాట్ ఆర్గ్ తీసుకున్నది కూడా అనాథాశ్రమమో ధర్మాసుపత్రో కాదు, అమెరికా రక్షణశాఖ పనులు చేసే మైటర్ అనే పరిశోధన సంస్థ. లాభాపేక్ష లేనిదే, కాదనను. కానీ మన బుర్రలో ఆర్గ్ అనగానే మెదిలే బొమ్మ అది కాదు కదా.

ఆ కాయితం ఇవాళ చదివితే ఇంకోటి కూడా తెలుస్తుంది. కొమ్మకి ఎవరు బాధ్యులు, సర్వర్లు సరిగ్గా నడుస్తాయా, ఇవీ వాళ్ళ బెంగలు. అందులో రాసే మాటలు నిజమా అబద్ధమా అన్న ప్రస్తావనే లేదు. ఉండదు కూడా. పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీసే అరల్లాంటివి అవి. అర మీద ఊరి పేరు ఉంటుంది, ఉత్తరంలో ఉన్నది నిజమని ఎవరూ హామీ ఇవ్వరు.

అయితే ఆ రోజుల్లో తోకని నమ్మినవాళ్ళు మోసపోలేదు. కారణం తోక కాదు. అసలా నెట్‌వర్కులోకి రావాలంటేనే ఏ విశ్వవిద్యాలయమో, రక్షణశాఖ కాంట్రాక్టు ఉన్న సంస్థో అయ్యుండాలి. 1985 మార్చి 15న మొదటి డాట్ కామ్ నమోదు చేసుకున్న సింబాలిక్స్ కూడా ఎమ్ఐటీ ప్రయోగశాల మనుషులు పెట్టిన కంప్యూటర్ల కంపెనీయే. అంటే కాపలా వీధి గుమ్మం దగ్గర ఉంది. లోపల గదుల మీద రాసిన పేర్లకి ఆ కాపలా వల్లే విలువొచ్చింది.

1995లో వీధి గుమ్మం తీసేశారు. ప్రభుత్వ డబ్బుతో నడిచే ఎన్‌ఎస్‌ఎఫ్ నెట్ వెన్నెముకని ఆ ఏడాది ఏప్రిల్‌తో ఆపేశారు, నెట్‌వర్కు వ్యాపార సంస్థల చేతికొచ్చింది. సెప్టెంబరు నుంచి నెట్‌వర్క్ సొల్యూషన్స్ కంపెనీ పేర్లకి డబ్బు వసూలు చెయ్యడం మొదలుపెట్టింది, రెండేళ్ళకి వంద డాలర్లు. (మన దేశంలో వీఎస్‌ఎన్‌ఎల్ మామూలు జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది కూడా ఆ ఏడాది ఆగస్టు 15నే.) డబ్బులిచ్చినవాడికల్లా పేరు ఇచ్చే చోట నువ్వెవరు, నీకు ఈ తోక తగునా అని ఎవడడుగుతాడు? కామ్, నెట్, ఆర్గ్ మూడూ ఆచరణలో ఒక్కటైపోయాయి. లాభాల కోసం నడిచే క్రెయిగ్స్‌లిస్టు ఇప్పటికీ డాట్ ఆర్గ్ మీదే ఉంది, దాన్ని తప్పుపట్టే నియమమే లేదు. గవ్, మిల్, ఈడీయూలకి మాత్రం ఏదో ఒక కాపలా మిగిలింది. గదుల మీద పేర్లు మాత్రం పాతవే.

సరిగ్గా ఆ సమయంలోనే బళ్ళలోకి, లైబ్రరీల్లోకి వెబ్ వచ్చింది. పాపం లైబ్రేరియన్ల కష్టం అర్థం చేసుకోదగిందే. పుస్తకానికైతే ప్రచురణకర్త ఉంటాడు, ఎడిటరుంటాడు. వెబ్ పేజీకి ఏముంది? పిల్లాడికి ఒక్క నిమిషంలో చెప్పగలిగే గుర్తు ఏదైనా కావాలి. తోక కంటికి కనిపిస్తుంది, బట్టీ పట్టొచ్చు, పరీక్షలో అడగొచ్చు. దానికి తోడు 1997లో వైట్‌హౌస్ డాట్ కామ్ అని ఒకటి బయల్దేరింది. అమెరికా అధ్యక్షుడి సైటు గవ్‌తో ఉంటే, ఇది కామ్‌తో ఉన్న బూతు సైటు. హోంవర్కు చేసుకుంటున్న పిల్లలు పొరపాటున అందులో పడేవాళ్ళు. ఇక పంతుళ్ళకి అంతకన్నా మంచి ఉదాహరణ ఏం కావాలి? సూత్రం రుజువైపోయినట్టే.

రుజువు కాలేదని రెండేళ్ళలోనే తేలింది. 1999లో మార్టిన్‌లూథర్‌కింగ్ డాట్ ఆర్గ్ అనే సైటు వచ్చింది. చూడ్డానికి బడిపిల్లల కోసం పెట్టినట్టే ఉంటుంది. నడిపింది మాత్రం స్టార్మ్‌ఫ్రంట్ అనే శ్వేతజాతి దురహంకారుల ముఠా. కింగ్ మీద బురద చల్లడమే దాని పని, ఎవరు నడుపుతున్నారో అడుగున చిన్న అక్షరాల్లో ఉండేది. ఏళ్ళ తరబడి, కింగ్ గురించి వెతికే పిల్లలకి సెర్చి ఫలితాల్లో పైన కనిపించేది. తోక ఆర్గ్. మా బాబాయి చదివి ఉంటే ఆయనా పర్లేదనే చెప్పేవాడు.

ఈడీయూ కథ ఇంకా ఇబ్బందికరం, ముఖ్యంగా మనబోటి ఇంజినీర్లకి. నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో ఆర్థర్ బట్జ్ అని ఒక ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ అసోసియేట్ ప్రొఫెసరు. హిట్లర్ కాలంలో యూదుల ఊచకోత జరగనే లేదని 1976లో ఒక పుస్తకం అచ్చేశాడు. 1990లలో అదే వాదనని విశ్వవిద్యాలయం సర్వరు మీద తన సొంత పేజీలో పెట్టాడు. మన కాలేజీ సర్వర్లలో టిల్డా గుర్తు పెట్టి మనకీ ఇచ్చేవాళ్ళే, అలాంటి పేజీ. విశ్వవిద్యాలయం ఆ అభిప్రాయాలతో మాకు సంబంధం లేదంది, భావప్రకటన స్వేచ్ఛ కాబట్టి తీసెయ్యం అని కూడా అంది. వాళ్ళ వైపు నుంచి అది సబబే కావచ్చు. కానీ అడ్రసు ఈడీయూ, రాసినవాడు ప్రొఫెసరు. అలన్ నవంబర్ అనే అధ్యాపకుడు 1998లో రాసిన వ్యాసంలో ఒక పద్నాలుగేళ్ళ కుర్రాడి కథ ఉంది. చరిత్ర పాఠానికి వ్యాసం రాయాల్సొచ్చి, ఈ పేజీ నమ్మి, కాన్సంట్రేషన్ క్యాంపుల్లో చంపింది మనుషుల్ని కాదు, అక్కడ పేలమందు కొట్టారంతే అన్న వాదనని ఎత్తుకున్నాడట. ఆ కుర్రాణ్ణి తిట్టడానికి నాకు నోరు రావట్లేదు. వాడికి చెప్పిన గుర్తులన్నీ వాడు చూసుకునే నమ్మాడు.

ఆయన ఎలక్ట్రికల్ ఇంజినీరింగు పాఠాలు బాగానే చెప్పి ఉండొచ్చు. కానీ ఈడీయూ అన్న మూడక్షరాలు ఏ విషయంలో పండితుడో చెప్పవు కదా.

ఈడీయూకి కాపలా కూడా అంత గట్టిదేమీ కాదు. 2001లో ఎడ్యుకాజ్ చేతికొచ్చాక గుర్తింపున్న అమెరికా కాలేజీలకే అని కట్టుదిట్టం చేశారు గానీ, అప్పటికే తీసుకున్నవాళ్ళని కదపలేదు. మన పరిశోధక మిత్రులు పేపర్లు పెట్టుకునే అకాడెమియా డాట్ ఈడీయూ కాలేజీ కాదు, కంపెనీ. 1999లో నమోదైన పేరు కాబట్టి అలా కొనసాగుతోంది.

ఇహ మిగిలింది గవ్. అన్నిటికన్నా గట్టి తలుపు ఇదే, ఒప్పుకుంటాను. అయినా 2019 నవంబరులో బ్రయన్ క్రెబ్స్ అనే సెక్యూరిటీ విలేఖరి ఒక సంగతి బయటపెట్టాడు. తలుపు ఎంత గట్టిదో చూద్దామని ఒకాయన రోడ్ ఐలండ్‌లోని ఒక చిన్న ఊరి లెటర్‌హెడ్డు పెట్టి, ఊరి మేయరునని చెప్పుకుని, ఉత్తుత్తి ఈమెయిలుతో దరఖాస్తు చేస్తే గవ్ పేరు ఇచ్చేశారు! ఆ తర్వాత 2020లో నోటరీ సంతకం తప్పనిసరి చేశారు, 2021లో ఆ బాధ్యత సీఐఎస్ఏ అనే సైబర్ భద్రతా సంస్థకి అప్పజెప్పారు. ఇప్పుడు తలుపు గట్టిదే అనుకుందాం. అది చెప్పేది ఇది ఫలానా ప్రభుత్వం మాట అని మాత్రమే. 2003 ఫిబ్రవరి 5న ఇరాక్ ఆయుధాల గురించి కోలిన్ పావెల్ ఐక్యరాజ్యసమితిలో చేసిన ప్రసంగం పూర్తి పాఠం వైట్‌హౌస్ సైట్లో గవ్ తోకతోనే ఉండేది. ఆయుధాలు దొరకలేదు.

తోక మీద జనం పెట్టుకున్న నమ్మకానికి మార్కెట్లో ధర ఎంతో కూడా ఒకసారి తెలిసింది. డాట్ ఆర్గ్‌ని 2003 నుంచి పబ్లిక్ ఇంటరెస్ట్ రిజిస్ట్రీ అనే లాభాపేక్షలేని సంస్థ చూసుకుంటోంది. 2019 నవంబరులో దాన్ని ఎథోస్ క్యాపిటల్ అనే పెట్టుబడి కంపెనీకి 113.5 కోట్ల డాలర్లకి అమ్మేస్తామన్నారు. సర్వర్లకి అంత విలువా? ఆర్గ్ అంటే మంచివాళ్ళని జనం అనుకోవడమే అక్కడ సరుకు. ప్రపంచవ్యాప్తంగా సేవాసంస్థలు గొడవ చేశాయి, కాలిఫోర్నియా అటార్నీ జనరల్ ఉత్తరం రాశాడు, చివరికి 2020 ఏప్రిల్ 30న ఐకాన్ ఒప్పుకోనంది. నేను కూడా ఆ నిర్ణయమే సరైందంటాను. కానీ ఆ గొడవ జరిగినంత కాలమూ ఎవరైనా ఒక డాట్ ఆర్గ్ ఎప్పట్లాగే పది నిమిషాల్లో కొనుక్కోగలిగేవాళ్ళు, అది మారలేదు.

మన దేశం సంగతికొస్తే, డాట్ ఇన్ 1989లోనే వచ్చింది. 2005 దాకా కాయితాలు చూపిస్తే గానీ ఇచ్చేవాళ్ళు కాదు. అందుకే అప్పట్లో మన కంపెనీలు కూడా కామ్ వెంట పరుగెత్తాయి. 2005లో నిక్సీ ఆధ్వర్యంలో గేట్లు తెరిచారు. ఇప్పుడు ఒకే డాట్ ఇన్ కింద మూడు రకాల తలుపులున్నాయి. గవ్ డాట్ ఇన్ ఎన్ఐసీ ఇవ్వాలి, కాలేజీల ఏసీ డాట్ ఇన్ ఎర్నెట్ ఇవ్వాలి, కో డాట్ ఇన్, ఓఆర్జీ డాట్ ఇన్ ఎవరైనా కొనుక్కోవచ్చు. కంటికి మూడూ ఒకే మాదిరిగా అధికారికంగా కనిపిస్తాయి. మా చెల్లి డబ్బు కట్టింది ఆ మూడో రకానికే. ఒక్కోసారి తోక అసలు చదవకుండానే పడిపోతాం. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు రిజిస్ట్రీ మా పేరుతో నకిలీ సైటు తిరుగుతోంది జాగ్రత్త అని ప్రకటన ఇచ్చుకోవాల్సొచ్చింది. దాని పేరు ఎస్‌సీఐజీవీ డాట్ కామ్. ఎస్‌సీఐ, జీవీ... కన్ను మిగతాది తనే పూరించుకుంటుంది.

చదువుకున్నవాళ్ళు పడరా అంటే, నాకు అన్నిటికన్నా ఊరటనిచ్చిందీ, భయపెట్టిందీ ఒకటే. 2017లో స్టాన్‌ఫర్డ్‌లో శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ ఒక పరిశోధన చేశారు. పదిమంది చరిత్రకారులు (అందరూ పీహెచ్‌డీలే), పదిమంది వృత్తిరీత్యా ఫ్యాక్ట్ చెకర్లు, పాతికమంది స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు. వాళ్ళకి రెండు సైట్లు చూపించి ఏది నమ్మదగిందో చెప్పమన్నారు. ఒకటి అమెరికన్ అకాడెమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 1930 నుంచి ఉన్నది, అరవై వేలకి పైగా డాక్టర్లు సభ్యులు. రెండోది అమెరికన్ కాలేజ్ ఆఫ్ పీడియాట్రిషియన్స్, స్వలింగ దంపతులు పిల్లల్ని దత్తత తీసుకోవడం మీద పేచీ వచ్చి 2002లో విడిపోయిన చిన్న వర్గం. రెండిటి తోకా ఆర్గే. విద్యార్థుల్లో ఎక్కువమంది రెండోదే మేలన్నారు. చరిత్రకారుల్లో చాలామంది అటూ ఇటూ ఊగారు. ఫ్యాక్ట్ చెకర్లు పదిమందికి పదిమందీ సరిగ్గా చెప్పారు.

వాళ్ళు చేసింది చూస్తే మనం డీబగ్ చేసే పద్ధతే. ప్రోగ్రాము తన గురించి తను చెప్పుకునే లాగుని మనం నమ్ముతామా? బయట్నుంచి ఏం జరుగుతోందో చూస్తాం. వాళ్ళూ అంతే, పేజీలోకి దిగగానే పైనించి కిందకి చదవడం మానేసి, బయటికొచ్చి నాలుగు ట్యాబులు తెరిచి, ఈ సంస్థ గురించి వేరేవాళ్ళు ఏమంటున్నారో వెతికారు. చరిత్రకారులు మాత్రం పేజీలోనే ఉండిపోయి లోగో, రెఫరెన్సులు, భాష, తోక శ్రద్ధగా చూశారు. పాత పత్రాల్ని చదివి చదివి అలవాటైన శ్రద్ధే అది. మా చెల్లి కూడా అంత శ్రద్ధగానూ ఆ ట్రస్టు సైటు మొత్తం చదివిందట. స్కాలర్‌షిప్ అందుకున్న పిల్లల ఫోటోలు కూడా చూసింది. ఆ ట్రస్టు పేరు సెర్చిలో కొట్టి చూడలేదు, చూడమని నేను చెప్పలేదు.

ఫోన్ వచ్చిన రోజే 1930 నెంబరుకి ఫిర్యాదు చేయించాను. డబ్బులు రాలేదు. నేను పంపిస్తానంటే బాబాయి ఒప్పుకోలేదు, అదో చిన్నతనం ఆయనకి.

దసరా తర్వాత మళ్ళీ ఫోన్ చేశాడు. ఈసారి వాళ్ళ బ్యాంకు సైటు అడ్రసు మారిందట, చివర బ్యాంక్ డాట్ ఇన్ అని వస్తోందట. రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్‌లో ఉత్తర్వులిచ్చి, అక్టోబరు 31 లోగా బ్యాంకులన్నీ ఆ తోకకి మారాలని గడువు పెట్టింది.

"ఇదేంట్రా మళ్ళీ కొత్తది? ఇది నమ్మొచ్చా?"

"ఇది బ్యాంకులకి తప్ప ఎవరికీ ఇవ్వరు బాబాయ్. ఇచ్చేది ఐడీఆర్‌బీటీ అని రిజర్వు బ్యాంకు పెట్టిన సంస్థ, మన హైదరాబాదులోనే, మాసాబ్ ట్యాంక్ దగ్గర."

"అయితే కాయితాలు చూసే ఇస్తారంటావ్."

"చూసే ఇస్తారు. కానీ తోక మధ్యలో కాదు, చిట్టచివర ఉండాలి. ఆ తర్వాత ఇంకో మాట ఉంటే అది బ్యాంకు కాదు. లింకు నొక్కొద్దు, అడ్రసు నువ్వే టైపు చెయ్యి."

కాసేపు మాట్లాడలేదు. రాసుకుంటున్నాడనుకుంటా. తర్వాత అడిగాడు, "మరి ఆ ఓఆర్జీ వాళ్ళు కాయితాలు చూడరా?"

"చూస్తామని వాళ్ళెప్పుడూ అనలేదు బాబాయ్. నేనే అన్నాను."